ఇంటర్ సీఈసీ, వయసు 30, ఆరేళ్ల పాప. ఇప్పుడు నర్సింగ్ డిగ్రీ చేయొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 30, ఇంటర్ సీఈసీ పాసై పన్నెండేళ్లయింది, ఆరేళ్ల పాప ఉంది, నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు హాస్పిటల్లో పేషెంట్ కేర్ అటెండెంట్‌గా చేస్తున్నారు. నర్సు కావాలి, అదీ డిగ్రీ ఉన్న నర్సు కావాలి. వయసు దాటిపోయిందా, సీఈసీతో కుదురుతుందా, అటెండెంట్ అనుభవానికి ఏమైనా మినహాయింపు ఉంటుందా, వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళ్లకుండానే బీఎస్సీ నర్సింగ్ ఇప్పిస్తామంటున్నారు, నమ్మొచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. వయసు దాటలేదు. సీఈసీతో నేరుగా బీఎస్సీ నర్సింగ్‌లో చేరడం కుదరదు, కానీ డిగ్రీ దాకా వెళ్లే దారులు రెండున్నాయి. అటెండెంట్ అనుభవానికి ఒక్క రోజు కూడా మినహాయింపు రాదు. కాలేజీకి వెళ్లకుండా అన్నవాళ్ల ఫోన్ నంబరు బ్లాక్ చేసేయండి. మీ పరిస్థితిలో నేనైతే మొదట జీఎన్ఎం అనే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా, ఆ తర్వాత జీఎన్ఎం చేసినవాళ్లకి ఉండే పోస్ట్ బేసిక్ బీఎస్సీ డిగ్రీ, ఆ దారినే పడతాను. ఎందుకో కింద చెప్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

నేను వార్డు డ్యూటీలు చేసి, తర్వాత నర్సింగ్ టీచింగ్‌లోకి వచ్చినదాన్ని. ముప్పై దగ్గర పడ్డాక చదువుకోవడానికి వచ్చే ఆడవాళ్లు మా క్లాసుల్లో ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు, ఆయాగా చేసి వచ్చినవాళ్లు, ఏఎన్ఎంగా ఊళ్లలో తిరిగి వచ్చినవాళ్లు, భర్త పోయాక వచ్చినవాళ్లు కూడా. కాబట్టి మీరు మొదటివారూ కాదు, ఆఖరివారూ కారు.

ముందు వయసు సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, మనం ఐఎన్‌సీ అంటాం, బీఎస్సీ నర్సింగ్‌కి అడ్మిషన్ తీసుకునే ఏడాది డిసెంబరు 31 నాటికి కనీసం 17 ఏళ్లు ఉండాలనీ, గరిష్ఠంగా 35 అనీ పెట్టింది. జీఎన్ఎంకి కూడా అంతే, 17 నుంచి 35. అంటే మీకు ఇంకా కొన్ని అడ్మిషన్ సీజన్లు ఉన్నాయి, కానీ "వచ్చే ఏడు చూద్దాం" అని మూడుసార్లు అనుకునేంత తీరిక లేదు. ఈ 35 దగ్గర ఒక మినహాయింపు ఉంది: ఇప్పటికే ఏఎన్ఎం చేసి రిజిస్టర్ అయినవాళ్లు జీఎన్ఎంలో చేరాలంటే వయోపరిమితి లేదు. మీ పోస్టు కింద 38 ఏళ్లని రాసిన ఏఎన్ఎం ఒకరున్నారు, ఆవిడకి ఇది పనికొస్తుంది. అయితే 35 దాటాక కొత్తగా ఏఎన్ఎంలో చేరి దాని మీదుగా వద్దామంటే కుదరదు, దానికీ 35 పరిమితే. తేదీ లెక్కకి పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన తేదీనే చూస్తారు. ఆధార్‌లో వేరేగా ఉంటే అడ్మిషన్ల హడావుడి మొదలవకముందే సరిచేయించుకోండి, ఇది చిన్న విషయంలా కనిపించి కౌన్సెలింగ్ రోజున చాలామందిని ఏడిపిస్తుంది.

ఇక దారులు.

మొదటిది, నేరుగా బీఎస్సీ. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. దీనికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, ఇంగ్లీషు ఉండాలి, అన్నీ విడివిడిగా పాసవ్వాలి, మొత్తం మీద 45 శాతం రావాలి. ఎస్సీ ఎస్టీలకి 40. మీది సీఈసీ కాబట్టి ఇక్కడే గేటు పడిపోతుంది. కానీ ఐఎన్‌సీ నిబంధనల్లో ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్లని కూడా ఒప్పుకుంటారు, ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) గానీ రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఓపెన్ స్కూల్ గానీ, సైన్సు సబ్జెక్టులూ ఇంగ్లీషూ ఉంటే చాలు. అంటే మీరు ఉద్యోగం చేసుకుంటూనే ఓపెన్‌లో మళ్లీ సైన్సు ఇంటర్ కట్టొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఎన్‌ఐఓఎస్‌లో పాస్ మార్కు 33. నర్సింగ్‌కి కావలసింది 45 శాతం. "ఎలాగోలా పాసయితే చాలు" అని రాసి 38, 40 తెచ్చుకుని, సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా అర్హత లేకుండా మిగిలిపోయినవాళ్లని చూశాను. ట్యూటర్ మార్క్డ్ అసైన్‌మెంట్లకి, అంటే ఇంటి దగ్గర రాసి ఇచ్చేవాటికి, థియరీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది, వాటిని నెట్‌లో దొరికినవి చూసి గబగబా ఎక్కించి వదిలేయకండి, మీకు అవి పనికొచ్చే మార్కులు. ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టులు మూడున్నాయి కాబట్టి స్టడీ సెంటర్ మీ ఇంటికి అందుబాటులో ఉన్నది, ల్యాబ్ నిజంగా తెరిచేది ఎంచుకోండి.

ఆ తర్వాత ఎంట్రన్స్. తెలంగాణలో కన్వీనర్ కోటా బీఎస్సీ నర్సింగ్ సీట్లు కొన్నేళ్లుగా ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకు మీద ఇస్తున్నారు, కౌన్సెలింగ్ వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీది. ఆంధ్రాలో అయితే విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూడాలి. ఈఏపీసెట్ అంటే 160 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో సగం అంటే 80 బోటనీ, జువాలజీ నుంచే, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. ఫిజిక్స్ అంటే గుండెదడ ఉన్నవాళ్లకి ఈ లెక్క కాస్త ధైర్యమిస్తుంది, బయాలజీ గట్టిగా పట్టుకుంటే నర్సింగ్‌కి కావలసిన ర్యాంకు అందని పండేమీ కాదు. ఎంబీబీఎస్ కోసం పరుగెత్తే పిల్లలతో మీకు పోటీ లేదు. అప్లికేషన్ పెట్టేముందు మాత్రం గత ఏడాది ప్రాస్పెక్టస్ తెరిచి, అర్హతల పేజీలో మీరు చదవబోయే బోర్డు పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. కన్సల్టెన్సీవాళ్లు చెప్పింది కాదు, పీడీఎఫ్‌లో ఉన్నది. ఒకేషనల్ ఇంటర్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (హెల్త్ వర్కర్ కోర్సు) చదివినవాళ్లకైతే బ్రిడ్జి కోర్సు సంగతి కూడా ఆ పేజీలోనే దొరుకుతుంది.

రెండో దారి, జీఎన్ఎం. మూడేళ్లు, చివర్లో ఇంటర్న్‌షిప్‌తో కలిపి. దీనికి ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, మొత్తం మీద 40 శాతం ఉండాలి, ఇంగ్లీషు పాసై ఉండాలి. సైన్సువాళ్లకి ప్రాధాన్యం అంటారు కాబట్టి ప్రభుత్వ స్కూళ్లలో సీటు బైపీసీ పిల్లలకి వెళ్లిపోయే అవకాశమే ఎక్కువ, మీకు ప్రైవేటు స్కూల్లో రావచ్చు. జీఎన్ఎం పాసై నర్సింగ్ కౌన్సిల్‌లో ఆర్ఎన్ఆర్ఎం (రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) రిజిస్ట్రేషన్ తీసుకుంటే మీరు నర్సు. చట్టం దృష్టిలో పూర్తి నర్సు, సగం నర్సు కాదు. ఆ రిజిస్ట్రేషన్ చేతిలో పెట్టుకుని పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో చేరతారు, రెగ్యులర్‌గా అయితే రెండేళ్లు. అది హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీయే. దాని తర్వాత ఎంఎస్సీ నర్సింగ్‌కి కూడా వెళ్లొచ్చు, ఏడాది అనుభవం, 55 శాతం మార్కులు ఉంటే.

ఇప్పుడు లెక్క వేయండి. ఓపెన్ ఇంటర్‌కి ఏడాది, బీఎస్సీకి నాలుగు, మొత్తం ఐదు. జీఎన్ఎం మూడు, పోస్ట్ బేసిక్ రెండు, మొత్తం ఐదు. కాగితం మీద రెండూ ఒకటే. తేడా అంతా మధ్యలో ఉంది. మొదటి దారిలో ఐదో ఏడు పూర్తయ్యేదాకా మీరు ఎవరూ కారు. నాలుగో ఏట ఇంట్లో ఏదైనా జరిగి ఆగిపోతే చేతిలో ఉండేది మళ్లీ ఇంటర్ సర్టిఫికెట్టే. రెండో దారిలో మూడో ఏడు అయ్యేసరికి రిజిస్ట్రేషన్ వచ్చేస్తుంది, స్టాఫ్ నర్సుగా జీతం మొదలవుతుంది, అక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు, పాప చదువు చూసుకోవచ్చు, డిగ్రీ రెండేళ్లు ఆలస్యంగా చేయొచ్చు.

పద్దెనిమిదేళ్ల పిల్లకి నేను చెప్పేది వేరు. ఆ అమ్మాయికి నేరుగా బీఎస్సీయే, సందేహమే లేదు. కానీ సంసారం ఉన్న మనిషి కోర్సు పేరు చూసి కాదు, మొదటి రిజిస్ట్రేషన్ ఏ తేదీకి చేతికొస్తుందో చూసి దారి ఎంచుకోవాలి. నా దగ్గరికి వచ్చి అడిగే ప్రతి అక్కకీ చెల్లికీ ఇదే చెప్తాను. "బీఎస్సీ అంటే గౌరవం మేడమ్, జీఎన్ఎం అంటే డిప్లొమా కదా" అంటారు. వార్డులో రాత్రి రెండు గంటలకి పేషెంట్ ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతుంటే ఎవరి సర్టిఫికెట్ మీద ఏముందో ఎవరూ అడగరమ్మా.

అలాగని జీఎన్ఎం దారిలో లోపాలు లేవని కాదు. పోస్ట్ బేసిక్ సీట్లు బీఎస్సీ సీట్లంత లేవు, అన్ని కాలేజీల్లోనూ ఆ కోర్సు ఉండదు. రెగ్యులర్‌గా చేయాలంటే అప్పటికి అలవాటైపోయిన జీతం రెండేళ్లు వదులుకోవాలి, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఉద్యోగం వదలకుండా చేయాలంటే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ పోస్ట్ బేసిక్ ఉంది. అది పనిలో ఉన్న నర్సులకి మాత్రమే, ఇంటర్ ప్లస్ జీఎన్ఎం ఉన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల అనుభవం అడుగుతారు, ఎంట్రన్స్ ఉంటుంది, కనీసం మూడేళ్లు పడుతుంది, కాంటాక్ట్ ప్రోగ్రాములకీ ప్రాక్టికల్స్‌కీ వెళ్లి తీరాలి. అంటే ఈ లెక్కన డిగ్రీ చేతికి రావడానికి ఎనిమిదేళ్లు. కానీ అందులో ఐదేళ్లు మీరు జీతం తీసుకుంటూ ఉంటారు. చేరేముందు ఆ ఏడాది ఇగ్నో ప్రకటన, ప్రోగ్రాం స్టడీ సెంటర్ మీ దగ్గర ఉందా లేదా చూసుకోండి.

ఇంకో మాట, "జీఎన్ఎం ఎత్తేస్తున్నారట కదా" అని మీరు రాశారు. కొన్నేళ్ల క్రితం ఐఎన్‌సీ నిజంగానే జీఎన్ఎంని ఆపేసి బీఎస్సీ ఒక్కటే ఉంచాలని అనుకుంది, తర్వాత వెనక్కి తగ్గింది, కోర్సు నడుస్తూనే ఉంది. ముందుముందు తీసేసినా కొత్త అడ్మిషన్లు ఆపుతారు తప్ప రిజిస్టర్ అయినవాళ్ల రిజిస్ట్రేషన్‌ని రద్దు చేయరు. దాని గురించి టెన్షన్ పడకండి.

కాలేజీకి రాకుండా బీఎస్సీ నర్సింగ్ అన్నది లేనే లేదు. బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో దూరవిద్య లేదు, కరెస్పాండెన్స్ లేదు, ఆదివారం క్లాసులు లేవు. పరీక్ష రాయాలంటే ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగుల్లో నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, 22 వారాలు, వారానికి 48 గంటలు. ఇవన్నీ చేయకుండా సర్టిఫికెట్ ఇస్తామంటే అది కాగితమే. ఒకావిడ అలాంటి చోట లక్షలు కట్టి, ఏడాదికోసారి పరీక్ష రాసి వచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని మన రాష్ట్రానికొచ్చి రిజిస్ట్రేషన్‌కి వెళ్తే అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే వేరే రాష్ట్రంలో చదివితే ముందు ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి, అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఇక్కడికి మార్చుకోవాలి, ఆ మొదటి మెట్టే ఆవిడకి లేదు. కాలేజీ ఫోన్ ఎత్తడం మానేసింది. ఆవిడ పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు, వయసు కూడా, ఆ మధ్యలో 35 దాటిపోయింది.

ఇంకా తెలివైన మోసం ఒకటుంది: "ఏడాది నర్సింగ్ కోర్సు, తర్వాత గ్యారంటీ ఉద్యోగం" అని బోర్డు పెడతారు. అది నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు, దాంతో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. మీరు ఇప్పుడు చేస్తున్న పనికే ఇంకో కాగితం జతవుతుంది, అంతే. ఎక్కడ చేరినా ఒకటే ప్రశ్న అడగండి: ఇది పాసయితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇస్తుందా? ఔనంటే, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ పేరు, మీ కోర్సు పేరు, సీట్ల సంఖ్య చూపించమనండి. కాలేజీ పేరు ఒకటే ఉంటే సరిపోదు, కొన్ని చోట్ల బీఎస్సీకి అనుమతి ఉండి జీఎన్ఎంకి ఉండదు, లేదా తిరగబడి ఉంటుంది.

మీ అటెండెంట్ అనుభవం గురించి. అధికారికంగా సున్నా. మామూలు డిగ్రీ చదివినవాళ్లకి కూడా అంతే, బయోటెక్నాలజీలో బీఎస్సీ ఉన్నా నర్సింగ్‌లో లాటరల్ ఎంట్రీ లేదు, మొదటి ఏడు నుంచే మొదలు. ఏఎన్ఎం రెండేళ్లు చదివినవాళ్లు కూడా జీఎన్ఎం మూడేళ్లూ చదవాల్సిందే. ఇది అన్యాయం అనిపిస్తుంది, నాకూ కొంత అనిపిస్తుంది, కానీ ప్రస్తుతం రూలు అదే.

అనధికారికంగా మాత్రం మీ నాలుగేళ్లు చాలా పని చేస్తాయి, ఒక్కోసారి అడ్డం కూడా పడతాయి. మొదటి ఏడు నర్సింగ్ ఫౌండేషన్‌లో బెడ్ మేకింగ్, స్పాంజ్ బాత్, పొజిషన్లు, టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస), బీపీ నేర్పుతాం. ఇంటర్ పిల్లలు బెడ్‌పాన్ పట్టుకోవడానికి ముఖం చిట్లిస్తుంటే, మీలాంటివాళ్లు పక్షవాతం పేషెంట్‌ని ఒక్కరే పక్కకి తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, మోకాళ్ల మధ్య ఇంకోటి పెట్టి, షీటు ముడతలు లాగేసి పక్కకొచ్చేస్తారు. చూడ్డానికి ముచ్చటేస్తుంది. తర్వాత కేర్ ప్లాన్ రాయమంటాం. కాలమ్స్ ఉంటాయి: అసెస్‌మెంట్, డయాగ్నసిస్, గోల్, ఇంటర్వెన్షన్, రేషనేల్, ఎవాల్యుయేషన్. ఇంటర్వెన్షన్ దగ్గర "రెండు గంటలకోసారి పొజిషన్ మార్చాలి" అని టకటకా రాస్తారు. పక్కనే రేషనేల్ కాలమ్ ఖాళీ. ఎందుకు రెండు గంటలు? ఎముక పొడుచుకొచ్చిన చోట బరువు ఆనితే రక్తం ఆడక కింద కణజాలం చచ్చిపోతుంది, పైకి ఎర్రగా కనిపించేసరికే లోపల పని మొదలైపోయి ఉంటుంది, ఆ ఎరుపు నొక్కితే తెల్లబడుతోందా లేదా అన్నది చూడాలి. ఇదంతా ఆ చిన్న కాలమ్‌లో రావాలి. అటెండెంట్‌గా మీకు ఆ కాలమ్ ఎవరూ ఇవ్వలేదు, సిస్టర్ చెప్పింది చేశారు. నర్సు జీతం ఆ కాలమ్‌కే ఇస్తారు. దీన్ని అహం లేకుండా ఒప్పుకున్నవాళ్లు క్లాసులో మొదటి ఐదుగురిలో ఉంటారు, "మాకు తెలుసులే" అనుకున్నవాళ్లు రెండో ఇంటర్నల్స్‌కి దిగాలుగా కూర్చుంటారు. ఇంకో చిక్కు, హాస్పిటల్లో అలవాటైపోయిన షార్ట్‌కట్‌లు. గ్లవ్స్ లేకుండా డ్రైన్ బ్యాగ్ ఖాళీ చేయడం, చేతులు కడుక్కోకుండా బెడ్ నుంచి బెడ్‌కి వెళ్లిపోవడం. వాటిని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

ఇంగ్లీషు అంటే భయం అన్నారు. కోర్సు మొత్తం ఇంగ్లీషులోనే, పరీక్షలు కూడా, అందులో దాపరికం లేదు. కానీ మీరు అనుకునే ఇంగ్లీషు వేరు, ఇక్కడ కావలసింది వేరు. ఎన్‌పీఓ (నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు) అంటే ఏమిటో, మందుల చీటీలో బీడీకీ (రోజుకి రెండుసార్లు) టీడీఎస్‌కీ (మూడుసార్లు) తేడా ఏమిటో, స్టాట్ అంటే ఎంత తొందరగా పరుగెత్తాలో మీకు ఇప్పటికే తెలుసు, కొత్తగా చేరిన పిల్లలకి తెలియదు. మీకు లేనిది వాక్యం రాసే అలవాటు. ఇప్పటి నుంచే డ్యూటీ అయ్యాక మీరు చూసిన ఒక పేషెంట్ గురించి ఇంగ్లీషులో ఐదు వాక్యాలు నోట్‌బుక్‌లో రాయండి, పేరు రాయకుండా. తప్పులొస్తాయి, రానివ్వండి. చేరేనాటికి చేయి తిరుగుతుంది. బీఎస్సీలో పాస్ మార్కు నర్సింగ్ సబ్జెక్టులకి 50 శాతం, ఇంగ్లీషుకి 40 మాత్రమే, కాబట్టి మిమ్మల్ని ఆపేది ఇంగ్లీషు పేపరు కాదు. అనాటమీ, ఫిజియాలజీ. సీఈసీ నుంచి వచ్చినవాళ్లకి మొదటి నాలుగైదు నెలలు అవి కొరుకుడు పడవు, ఆ నెలల్లోనే మానేద్దాం అనిపిస్తుంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల జీవశాస్త్రం పుస్తకాలు ఎక్కడైనా తెచ్చుకుని ఇప్పుడే చదివేయండి, పాప కూడా పక్కన కూర్చుని బొమ్మలు చూస్తుంది.

ఇల్లు, పాప, డబ్బు. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. చాలా కాలేజీలు హాస్టల్ తప్పనిసరి అంటాయి. పెళ్లయినవాళ్లకి డే స్కాలర్‌గా ఒప్పుకుంటారా అన్నది అడ్మిషన్ ఫీజు కట్టకముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట మీద చేరితే రెండో నెలలో ప్రిన్సిపాల్ మారిపోతారు, మాట కూడా మారిపోతుంది. క్లినికల్ పోస్టింగులు పొద్దున్నే ఏడు, ఏడున్నరకి మొదలవుతాయి, కాలేజీ బస్సు దానికి ముందే. అంటే పాపని స్కూలుకి పంపేది మీరు కాదు. అది ఎవరు చేస్తారో పేరు పెట్టి తేల్చుకోవాలి, "మా అత్తగారు ఉన్నారు కదా" అన్నది సరిపోదు, ఆవిడని కూర్చోబెట్టి మాట్లాడాలి. రూరల్ కమ్యూనిటీ పోస్టింగ్ ఉంటుంది, కొన్ని చోట్ల వారాల తరబడి ఊళ్లో బస. సైకియాట్రీ పోస్టింగ్‌కి ఊరే మారాల్సి రావచ్చు. పై ఏళ్లలో నైట్ డ్యూటీలు వస్తాయి. ఇవన్నీ భర్తకి ఇప్పుడే చెప్పండి. మధ్యలో తెలిసి ఇంట్లో గొడవలైనవాళ్లే ఎక్కువగా మానేశారు, చదువు రాక మానేసినవాళ్లు తక్కువ.

రెండో బిడ్డ ఆలోచన ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 80 శాతం హాజరు అంటే నెలన్నర రెండు నెలలు పోతే ఆ పరీక్ష వెనక్కి వెళ్తుంది. కొంప మునగదు, బీఎస్సీ పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎనిమిదేళ్ల గడువు ఉంది, వదిలేసిన క్లినికల్ గంటలు తర్వాత పూర్తి చేయిస్తారు. కానీ మీతో చేరినవాళ్లు ముందుకెళ్లిపోయాక జూనియర్లతో కూర్చోవడం మనసుకి కష్టంగా ఉంటుంది.

డబ్బు విషయంలో, ట్యూషన్ ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోకండి. యూనిఫారం, బస్సు, హాస్పిటల్ అటాచ్‌మెంట్, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు, కమ్యూనిటీ పోస్టింగ్ ఖర్చు, అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేటట్టయితే మీ వయసుకీ, చదువులో వచ్చిన గ్యాప్‌కీ అది వర్తిస్తుందో లేదో కాలేజీ గుమాస్తాని కాదు, సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి అది రాదని అనుకునే లెక్క వేసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మొత్తం ఇచ్చేయాలంటే రసీదు తీసుకోండి, ఎన్ని జిరాక్సులు తీయించుకుంటే అంత మంచిది.

ఉద్యోగాల వయసు గురించి ఒక నిజం చెప్పాలి, ఆశ పెట్టి తర్వాత నిరాశ పరచడం నాకిష్టం లేదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష, నార్‌సెట్, దానికి గరిష్ఠ వయసు 30, ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీకి ఐదేళ్లు సడలింపు. పైగా జీఎన్ఎంతో రాయాలంటే 50 పడకల హాస్పిటల్లో రెండేళ్ల అనుభవం కూడా కావాలి. మీరు ఏ దారిలో వెళ్లినా ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకి అంత ఇరుకు లేదు. తెలంగాణలో 2024లో వచ్చిన నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46, జీఎన్ఎంవాళ్లూ బీఎస్సీవాళ్లూ ఇద్దరూ అర్హులే, రాతపరీక్షకి 80 మార్కులు పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కింద చేసినవాళ్లకి 20 దాకా వెయిటేజీ ఇచ్చారు. ఆ 20 కూడా మూడో ఏట రిజిస్ట్రేషన్ తెచ్చుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టులో చేరినవాళ్లకి ముందుగా పోగవడం మొదలవుతుంది. జీఎన్ఎం వైపు మొగ్గడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

ఒక సందర్భంలో మాత్రం నా సలహా తిరగేస్తాను. ఇంట్లో రెండో జీతం స్థిరంగా ఉండి, అప్పులు లేకుండా ఉండి, మీకు కన్వీనర్ కోటాలో ప్రభుత్వ బీఎస్సీ సీటు వచ్చే ర్యాంకు కొట్టగలనన్న నమ్మకం ఉంటే ఓపెన్ ఇంటర్ కట్టి బీఎస్సీకే వెళ్లండి. ప్రభుత్వ కాలేజీ సీటుకీ ప్రైవేటు జీఎన్ఎంకీ ఖర్చులో ఉండే తేడా పెద్దది, క్లినికల్స్ కూడా పెద్దాసుపత్రిలో దొరుకుతాయి. ప్రసవాల పోస్టింగ్ వచ్చినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. చిన్న ప్రైవేటు హాస్పిటల్‌కి అటాచ్ అయిన స్కూలు పిల్లలు కేసుల కోసం కాచుకుని కూర్చుంటారు, పెద్దాసుపత్రి లేబర్ రూంలో అన్నం తినడానికి టైముండదు. ప్రైవేటు జీఎన్ఎంలో చేరేటప్పుడు కూడా అందుకే ఆ స్కూలు అటాచ్ అయిన ఆసుపత్రి ఎన్ని పడకలది, లేబర్ రూం పోస్టింగ్ ఎక్కడ అని అడగండి. బిల్డింగు, ఏసీ క్లాసురూములు చూడకండి. వీలైతే ఆ ఆసుపత్రికే వెళ్లి, నీలం యూనిఫారంలో కనిపించే సెకండియర్ అమ్మాయిని పక్కకి పిలిచి "కేసులు దొరుకుతున్నాయా చెల్లీ" అని అడగండి. బ్రోషర్‌లో లేనిది ఆ పిల్ల రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది.

మీరు రెండు దారులకీ ఒకేసారి కూడా సిద్ధం కావచ్చు. ఈ ఏడాది జీఎన్ఎం నోటిఫికేషన్ వచ్చేసరికి అప్లై చేయండి, అది రాకపోతే లేదా స్కూలు నచ్చకపోతే ఓపెన్ ఇంటర్ కట్టేయండి. ఉద్యోగం మాత్రం సీటు ఖాయమయ్యేదాకా వదలకండి.

మీ పోస్టులో మూడు విషయాలు లేవు: ఇంటర్‌లో మొత్తం శాతం, ఇంగ్లీషు మార్కులు, కేటగిరీ. పుట్టిన నెల, సంవత్సరం కూడా రాయండి, ఊరి పేరు అక్కర్లేదు, ఆంధ్రానో తెలంగాణానో చెప్తే చాలు. ఇంటర్ మొత్తం 40 శాతం లోపు ఉంటే పైన జీఎన్ఎం గురించి చెప్పిందంతా మారిపోతుంది, అప్పుడు మీకు ఓపెన్ స్కూల్ ఒక్కటే దారి, ఆ లెక్క వేరేగా వేయాలి.